అరబ్బీకి ఆసక్తి కొదవ లేదు, గమ్యమే కరవు

ఏటా రంజాన్ ముగిసి షవ్వాల్ నెల రాగానే మదర్సాల్లో, ఇస్లామిక్ కళాశాలల్లో కొత్త ప్రవేశాలు మొదలవుతాయి. వాటితోపాటే ఒక పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. ఏడెనిమిదేళ్లు అరబ్బీ చదివి ఆలిమ్ (ఇస్లామిక్ పండితుడు) పట్టాతో బయటికొచ్చిన యువకుడు ఆ భాషలో ఒక ఉత్తరం ఎందుకు రాయలేకపోతున్నాడు? ఐదు నిమిషాలు తడుముకోకుండా ఎందుకు మాట్లాడలేకపోతున్నాడు? ఈ కాలం పిల్లలకు అరబ్బీ మీద ఆసక్తి తగ్గిందని, వారి మనసంతా ఇంగ్లీషు, కంప్యూటర్ల మీదే ఉందని పెద్దలు సులువుగా తేల్చేస్తారు. పాఠ్యప్రణాళిక పాతబడిందని సంస్కరణవాదులు అంటారు. గల్ఫ్ ఉద్యోగాలకు పనికొచ్చేలా మార్చేస్తే అన్నీ చక్కబడతాయని మరికొందరు నమ్ముతారు. మూడు వాదాల్లోనూ కొంత నిజముంది. కానీ మూడూ ఆసక్తిని విద్యార్థి వెంట తెచ్చుకునే సరుకుగానే చూస్తున్నాయి. చదువు ఎటు తీసుకెళ్తుందో స్పష్టంగా కనిపించినంత కాలమే ఆసక్తి నిలుస్తుందన్నది ఇతర రాష్ట్రాల, దేశాల అనుభవం. మన దగ్గర లోపించింది ఆ స్పష్టతే.

వారసత్వానికి లోటు లేదు

అరబ్బీ చదువుకు హైదరాబాద్ కొత్త ఊరు కాదు. మౌలానా అన్వారుల్లా ఫారూఖీ 1876లో స్థాపించిన జామియా నిజామియా నేటికీ దక్షిణ భారతంలో పేరున్న ఇస్లామిక్ విద్యాపీఠం. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ప్రపంచ గ్రంథాలయాల్లో చెల్లాచెదురుగా ఉన్న అరబ్బీ రాతప్రతులను సేకరించి, పాఠాలు సరిపోల్చి అచ్చువేసింది. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మస్ఊదీ', అల్ రాజీ వైద్య విజ్ఞాన సంపుటాలు 'అల్ హావీ' ఇక్కడినుంచే వెలువడ్డాయి. కైరో, బేరూత్ పండితులు హైదరాబాద్ ప్రతులను ఆధారంగా పేర్కొన్న రోజులున్నాయి. ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయాల్లో అరబ్బీ శాఖలున్నాయి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులు నగరంలోని బార్కస్‌లో స్థిరపడ్డారు. ఇంత వారసత్వమున్న చోట విద్యార్థికి భాష పట్టుబడటం లేదంటే కారణాన్ని అతని మనసులో కాక, చదువు నిర్మాణంలో వెతకాలి.

ఆ నిర్మాణం పేరు దర్సె నిజామీ. 18వ శతాబ్దంలో లక్నోలోని ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ రూపొందించిన పాఠ్యక్రమమిది. ఖాజీలను, ముఫ్తీలను, దివాణం అధికారులను తయారుచేయడం దాని ఉద్దేశం. వారికి కావలసింది కఠినమైన ధర్మశాస్త్ర గ్రంథాన్ని విప్పి, వాక్యం వాక్యం విడదీసి అర్థం చెప్పగల శక్తి. అందుకే పదరూపాలు నేర్పే సర్ఫ్, వాక్యనిర్మాణం నేర్పే నహ్వ్ దానికి పునాదిరాళ్లయ్యాయి. 'హిదాయతున్నహ్వ్', 'కాఫియా', 'షర్హె జామీ' అనే వ్యాకరణ గ్రంథాల మెట్లు ఎక్కాకే విద్యార్థి ధర్మశాస్త్రమైన ఫిఖ్హ్, ప్రవక్త వచనాలైన హదీసుల లోతుల్లోకి వెళ్లేవాడు. తన లక్ష్యం మేరకు ఈ పద్ధతి విఫలమైందనడానికి వీల్లేదు. విభక్తి చిహ్నాలు లేని అరబ్బీ పాఠాన్ని తప్పులేకుండా చదివి, పదాంతాల విభక్తి రూపాలను నిర్ణయించే దాని ఏరాబ్‌ను సకారణంగా వివరించగలిగేవారు నేటికీ ఈ కళాశాలల్లోనే ఎక్కువగా తయారవుతున్నారు. అయితే ఈ పద్ధతిలో అరబ్బీ గ్రంథానికి తాళంచెవి మాత్రమే. మాట్లాడటం, రాయడం మొదటినుంచీ దాని లెక్కలో లేవు. లెక్కలో లేనిదాన్ని చివర్లో పరీక్షించి విద్యార్థిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆసక్తి ఒకటి కాదు, మూడు

భాషా మనస్తత్వ శాస్త్రంలో గార్డ్‌నర్, లాంబర్ట్ అనే కెనడా పరిశోధకులు చేసిన విభజన ప్రసిద్ధమైనది. కొందరు ఉద్యోగం, పరీక్ష వంటి ప్రయోజనం కోసం పరభాష నేర్చుకుంటారు. కొందరు ఆ భాష మాట్లాడే సమాజానికి దగ్గర కావాలని నేర్చుకుంటారు. ఇస్లామిక్ కళాశాల విద్యార్థికి ఈ రెండూ పూర్తిగా సరిపోవు. అతన్ని అన్నిటికన్నా గట్టిగా కదిలించేది ఖురాన్‌ను అనువాదం సాయం లేకుండా అర్థం చేసుకోవాలనే కోరిక. రంజాన్ రాత్రుల్లో తరావీహ్ నమాజులో గంటసేపు నిలబడి విన్న వాక్కు అర్థం కావాలన్న తపనకు జీతంతో పనిలేదు. అరబ్బు దేశాల సమాజంలో కలిసిపోవాలన్న ఆలోచనతోనూ సంబంధం లేదు. ఈ భక్తి ప్రేరణ మిగతా రెండింటికంటే ఎక్కువకాలం నిలుస్తుంది. అది అర్థం చేసుకోగలిగితే చాలునంటుంది, మాట్లాడటాన్ని కోరదు. దాని బలమూ పరిమితీ రెండూ ఇక్కడే ఉన్నాయి.

తరగతి గదిలో మాత్రం ఈ మూడు రకాలవారూ కలిసే కూర్చుంటారు. ఖురాన్ కంఠస్థం (హిఫ్జ్) పూర్తిచేసి ఇమాం కావాలనుకునే కుర్రాడు, కైరోలోని అజ్హర్‌కో మదీనా విశ్వవిద్యాలయానికో వెళ్లాలని కలలుగనే విద్యార్థి, భోజన వసతి దొరుకుతుందని తల్లిదండ్రులు చేర్పించిన పిల్లవాడు అందరిదీ ఒకే పుస్తకం, ఒకే వేగం. ఇంజినీరింగ్ చదువుతూ సాయంత్రం తరగతులకు వచ్చే యువతి, బాలికల కళాశాలలో ఆలిమా కోర్సు చదివే అమ్మాయి కోరేవి వేరు. ముస్లింల స్థితిగతులపై నియమించిన సచార్ కమిటీ 2006లో చెప్పిన ప్రకారం బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో చదివేవారు సుమారు 3 శాతమే. అంటే అరబ్బీ అక్షరాలు నేర్చుకుంటున్నవారిలో అత్యధికులు మతబోధన ప్రాథమిక తరగతులు నడిచే మసీదు మక్తబ్‌లో గంటసేపు కూర్చుని, సాధారణ బడికి వెళ్లేవారు. ఎదిగాక వారిలో కొందరికి ఆ భాష లోతు తెలుసుకోవాలనిపిస్తే, చేరడానికి తగిన మెట్టు దాదాపు ఎక్కడా లేదు. పూర్తికాలం ఆలిమ్ కోర్సుకూ వారాంతపు తజ్వీద్ (ఖురాన్ పఠన ఉచ్చారణ) తరగతికీ నడుమ ఖాళీయే మిగిలింది.

సమయం చాలకపోవడం వల్లే భాష రావడం లేదనే వాదనా నిలవదు. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అరబ్బీని అత్యంత కఠిన భాషల జాబితాలో చేర్చి, వృత్తి స్థాయి ప్రావీణ్యానికి సుమారు 2,200 తరగతి గంటలు కావాలంటుంది. రోజుకు రెండు గంటలు, ఏడాదికి 220 పనిదినాల చొప్పున లెక్కేసినా ఐదేళ్లలో అన్ని గంటలూ పూర్తవుతాయి. ఆలిమ్ విద్యార్థికి అంతకన్నా ఎక్కువ సమయమే దొరుకుతోంది. పైగా లిపి ముందే వచ్చు, ఉర్దూ ద్వారా వేల అరబ్బీ పదాలు పరిచయమే, ఉచ్చారణ చిన్ననాడే తజ్వీద్‌తో కుదురుకుంది. ఏ అమెరికన్ దౌత్యవేత్తకూ లేని పెట్టుబడి ఇది. తేడా ఉన్నదల్లా ఆ గంటల వినియోగంలో. అక్కడ విద్యార్థి మాట్లాడితే గురువు వింటాడు. ఇక్కడ గురువు వివరిస్తే విద్యార్థి వింటాడు.

బోధనా మాధ్యమం చిక్కు

తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. ఇక్కడి ఇస్లామిక్ కళాశాలల్లో అరబ్బీ బోధన ఉర్దూలో జరుగుతుంది. వాడే ప్రాథమిక వ్యాకరణ పుస్తకాల్లో కొన్ని పార్సీలో రాసినవి. హైదరాబాద్ పాతబస్తీ విద్యార్థికి ఉర్దూ ఇంటిభాష కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, గోదావరి జిల్లాల గ్రామాల నుంచి వచ్చే పిల్లల సంగతి వేరు. వారిలో చాలామందికి రాతకోతలు తెలుగులోనే అలవడ్డాయి. ఇంట్లో మాట్లాడే ఉర్దూకూ పుస్తకాల ఉర్దూకూ చాలా దూరముంది. కొన్ని కుటుంబాల్లో ఇంటిభాషే తెలుగు. ఈ పిల్లవాడు ముందు పుస్తకాల ఉర్దూ నేర్చుకుని, దాని సాయంతో పార్సీ పరిభాషను దాటి, అప్పుడు అరబ్బీ వాక్యాన్ని అందుకోవాలి. అతని మొదటి రెండేళ్లూ మధ్యవర్తి భాషకే ఖర్చవుతాయి. తొలి ఏడాది ఉత్సాహం రెండో ఏడాదికి నీరసంగా మారడానికి ఇదొక ముఖ్య కారణం. దాన్నే మనం ఆసక్తి లేకపోవడమని నమోదు చేసుకుంటున్నాం.

భాషలోనే ఉన్న రెండంచెల స్వభావం రెండో చిక్కు. చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ఒకే భాషలోని ఈ రెండంచెల స్థితి (డైగ్లోసియా) గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలోని ప్రధాన ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. రాతలో, మసీదు ప్రసంగమైన ఖుత్బాలో, వార్తల్లో వాడే ఫుస్హా ఒకటి. కైరో వీధిలో, కువైట్ ఇంట్లో, మొరాకో సంతలో వినిపించే వాడుక భాషలు వేరు. గ్రాంథిక, వ్యావహారిక వాదాల వేడి చవిచూసిన తెలుగు పాఠకులకు ఈ దూరాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. గిడుగు రామమూర్తి పక్షం గెలవడంతో మన చదువు వాడుకభాష వైపు జరిగింది. అరబ్బు ప్రపంచంలో అలా జరగలేదు. ఖురాన్ భాషతో బంధం తెగుతుందన్న జంకు, ఇరవైకి పైగా దేశాలను కలిపి ఉంచే రాతభాష పోతుందన్న ఆలోచన ఫుస్హాను నిలబెట్టాయి. అందువల్ల ఇక్కడ ఫుస్హా మాత్రమే నేర్చిన విద్యార్థికి గల్ఫ్‌లో దిగగానే ఎదుటివారి మాటలు సగమే అర్థమవుతాయి. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే మహిళలు మాత్రం వ్యాకరణం పేరైనా వినకుండా రోజువారీ వ్యవహారమంతా అక్కడి మాటలోనే నెట్టుకొస్తారు. వారు ఆ భాషలో ఒక పేజీ చదవలేరు. ఇద్దరికీ వచ్చింది అరబ్బీయే, కాకపోతే చెరో సగం.

మూడు వాదాల బలాబలాలు

సంప్రదాయ ఉస్తాదుల వాదాన్ని ఛాందసమని కొట్టిపారేయడం సరికాదు. సంభాషణ ఎక్కడైనా ఆరునెలల్లో వస్తుందని, నహ్వ్ పునాది మాత్రం పదేళ్ల తర్వాత వేయలేమని వారంటారు. ధర్మశాస్త్ర గ్రంథంలో ఒక స్వరచిహ్నం మారితే తీర్పు మారుతుంది. వంటకాలు, విమానాశ్రయం, హోటల్ గది సంభాషణలతో నిండిన పుస్తకాలు ఆ పని చేయలేవన్నది వారి ఆందోళన. మదర్సా పని పండితులను తయారుచేయడం, అనువాద ఏజెంట్లను కాదంటారు. ఈ మాటలో పస ఉంది. అయితే కళాశాలలో చేరేవారంతా ముఫ్తీలు కారు. చాలామంది మసీదు ఇమాములుగా, మక్తబ్ గురువులుగా కొద్దిపాటి వేతనాలకు పనిచేస్తారు. కొందరు చదువు మధ్యలోనే వదిలి వ్యాపారాల్లో కుదురుకుంటారు. వందమందిలో పదిమంది పండితుల కోసం తయారైన పాఠ్యక్రమం మిగతా తొంభైమందికి ఏమిచ్చిందన్న ప్రశ్నకు సంప్రదాయ పక్షం సమాధానం చెప్పుకోవాలి.

సంస్కరణ పక్షానికి చరిత్ర గట్టి ఉదాహరణలే ఇచ్చింది. 1890ల్లో ఏర్పడిన నద్వతుల్ ఉలమా అరబ్బీని బతికున్న భాషగా నేర్పాలని నిర్ణయించుకుంది. లక్నోలోని దాని విద్యాపీఠం నుంచి 1955లో 'అల్ బఅసుల్ ఇస్లామీ' అనే అరబ్బీ పత్రిక మొదలైంది. అబుల్ హసన్ అలీ నద్వీ పిల్లల కోసం సులభమైన అరబ్బీలో ప్రవక్తల కథలు రాశారు. అరబ్బు దేశాల పాఠకులు సైతం ఆయన అరబ్బీ రచనలను ఆదరించారు. మన పొరుగునే, తమిళనాడులోని వాణియంబాడిలో పుట్టిన వి. అబ్దుర్ రహీం మదీనా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో పరదేశీ విద్యార్థుల కోసం రూపొందించిన పాఠాలు ఇవాళ ఖండఖండాంతరాల్లో అరబ్బీ అభ్యాసకులకు తొలి పుస్తకాలు. ఆ పాఠాల్లో వ్యాకరణ సూత్రం చిన్న వాక్యాల్లో పదేపదే ఎదురై, నోటికి అలవాటయ్యాకే పేరు చెప్పించుకుంటుంది. దక్షిణ భారతానికి చెందిన మనిషే వ్యాకరణానికీ వాడుకకూ పొత్తు కుదర్చగలిగాడు. రెంటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలన్న వాదం దీంతోనే వీగిపోతుంది.

మూడోది మార్కెట్ వాదం. గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాల్లో సుమారు 90 లక్షల మంది భారతీయులున్నారు. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాస నగదులో దాదాపు 38 శాతం ఆ దేశాలదే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి, అటు కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లేవారిని చూస్తే అరబ్బీకి గిరాకీ ఉన్నట్టే తోస్తుంది. కానీ దుబాయ్ నిర్మాణ స్థలంలో, దుకాణంలో నడిచేది హిందుస్తానీ, ఇంగ్లీషు, వచ్చీరాని గల్ఫ్ అరబ్బీ. అక్కడి కూలీకి ఫుస్హా వల్ల జీతం పెరగదు. నిజంగా అరబ్బీ ప్రావీణ్యానికి విలువ కట్టే పనులు ఇక్కడే వేరేచోట ఉన్నాయి. ఒమన్, యెమెన్, సూడాన్, ఇరాక్ రోగులు వచ్చే హైదరాబాద్ ఆసుపత్రుల్లో దుబాసీలు, అరబ్బు దేశాలతో లావాదేవీలున్న సంస్థల్లో పత్రాల అనువాదకులు, బహుళజాతి సంస్థల అరబ్బీ విభాగాల్లో ఉద్యోగులు కావాలి. వీటికి ఫుస్హా రాత, ఒక ప్రాంతీయ వాడుకభాష, ఇంగ్లీషు మూడూ అవసరం. పైగా యంత్రానువాదం మెరుగుపడేకొద్దీ మామూలు పత్రాల పని తగ్గిపోతుంది. చట్టం, వైద్యం వంటి చోట్ల తప్పు పట్టుకోగల నిపుణుడే మిగులుతాడు. కాబట్టి పైపై సంభాషణ కోర్సులు పెట్టి గల్ఫ్ ఆశ చూపడం విద్యార్థిని మోసగించడమే అవుతుంది.

ఇతర దేశాలు నేర్పే పాఠాలు

మార్కెట్ లేదా ప్రభుత్వ అవసరం మీద మాత్రమే నిలబడిన ఆసక్తికి ఏమవుతుందో అమెరికా చూపించింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అరబ్బీని జాతీయ భద్రతకు కీలక భాషగా ప్రకటించి నిధులు గుమ్మరించారు. అక్కడి ఆధునిక భాషా సంఘం లెక్కల ప్రకారం కళాశాలల్లో అరబ్బీ విద్యార్థుల సంఖ్య 2002లో పది వేల పైచిలుకు నుంచి 2009కి దాదాపు 35 వేలకు ఎగబాకింది. తర్వాత రాజకీయ ప్రాధాన్యం మారడంతో 2021 నాటికి సుమారు 23 వేలకు పడిపోయింది. బయటినుంచి వచ్చిన ప్రేరణ బయటి కారణంతోనే పోయింది.

నిర్బంధం మీద నిలబడిన చదువు మరో కొస. ఇరాన్ రాజ్యాంగం 16వ అధికరణం ప్రాథమిక దశ తర్వాత మాధ్యమిక విద్య ముగిసేవరకు అరబ్బీ బోధనను తప్పనిసరి చేసింది. లక్షలాది పిల్లలు ఏళ్లతరబడి చదువుతారు. అయినా ఇరాన్ అరబ్బీ మాట్లాడే దేశం కాలేదు, పరీక్ష రాసి మరచిపోయే పాఠ్యాంశాల్లో అదొకటైంది. పాకిస్తాన్ రాజ్యాంగం 31వ అధికరణం అరబ్బీ అభ్యాసాన్ని ప్రోత్సహించాలంటుంది. ఇస్లామాబాద్ పాఠశాలల్లో దాన్ని తప్పనిసరి చేసే బిల్లును 2021 ఫిబ్రవరిలో అక్కడి సెనేట్ ఆమోదించినప్పుడు, స్థానిక భాషల వైవిధ్యాన్ని గుర్తుచేస్తూ సెనేటర్ రజా రబ్బానీ వ్యతిరేకించారు. పంజాబీ, సింధీ, పష్తో పిల్లలకు తమ భాషలే బడిలో సరిగా దొరకని చోట ఆ అభ్యంతరం బరువైనదే. చట్టం విద్యార్థిని తరగతిలో కూర్చోబెట్టగలదు, భాష మీద ఇష్టం పుట్టించలేదు.

ఈ రెండు కొసలకూ మధ్య నిలిచినది ఇండోనేసియా. తూర్పు జావాలో 1926లో మొదలైన గోంతోర్ వసతి మదర్సా (పెసంత్రెన్) ఆవరణలో అరబ్బీ, ఇంగ్లీషు వంతులవారీగా రోజువారీ భాషలు. కొత్తవారికి కొంత గడువిచ్చాక భోజనశాలలో, ఆటస్థలంలో ఆ భాషల్లోనే మాట్లాడాలి. మలాంగ్‌లోని ప్రభుత్వ ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం చదివేవారితోపాటు ఇతర శాఖల విద్యార్థులకూ మొదటి ఏడాది వసతిగృహంలో ఉంచి అరబ్బీలో ముమ్మర శిక్షణ ఇస్తారు. అక్కడి అరబ్బీలో ఇండోనేసియా నుడికారం కలిసిపోతుందని, వ్యాకరణం పలచబడుతుందని విమర్శ ఉంది. ఆ విమర్శ నిజమే. కానీ నోరు విప్పిన విద్యార్థిని సరిదిద్దవచ్చు, నోరే విప్పనివాణ్ని సరిదిద్దే మార్గం లేదు. ముఖ్యంగా గమనించాల్సింది, ఇండోనేసియా ఇందుకోసం అరబ్బు వాతావరణాన్ని దిగుమతి చేసుకోలేదు. ఇద్దరు జావా పిల్లల మధ్య అరబ్బీ ఒక ఉమ్మడి అవసరంగా మారేలా వసతిగృహాన్ని మలచుకుంది. మన ఇస్లామిక్ కళాశాలల్లో దాదాపు అన్నిటికీ వసతిగృహాలున్నాయి. భాషా నిపుణులు కోట్లు పెట్టి సృష్టించే వాతావరణానికి కావలసిన ముడిసరుకు ఇక్కడ ఉచితంగా పడి ఉంది.

కేరళ చేసిన పని

అన్నిటికన్నా మనకు దగ్గరి పాఠం కేరళది. 1942లో మొదలైన రౌజతుల్ ఉలూం అరబిక్ కళాశాల వంటివి మద్రాసు విశ్వవిద్యాలయం నిర్వహించిన 'అఫ్జలుల్ ఉలమా' అనే అరబ్బీ పరీక్షకు విద్యార్థులను పంపాయి. 1968లో కాలికట్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఆ బంధం ఇంకా బిగిసింది. కళాశాల మతపరమైనదే, పట్టా మాత్రం విశ్వవిద్యాలయానిది. ఆ పట్టా ఉన్నవారికి ప్రభుత్వ పాఠశాలల్లో అరబ్బీ టీచరు కొలువు దొరికే దారి తెరుచుకుంది. ఈ దారి అంత తేలిగ్గా దక్కలేదు. 1980లో భాషా ఉపాధ్యాయుల నియామకాలపై ముఖ్యమంత్రి నాయనార్ ప్రభుత్వం పెట్టిన షరతులను వ్యతిరేకిస్తూ జులై 30న మలప్పురంలో జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. తర్వాత ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అదే కేరళలో అరబ్బీ నేర్చుకుని ప్రభుత్వ టీచర్లయిన హిందువులూ ఉన్నారు. ఉద్యోగం మతానికి కాక అర్హతకు ముడిపడటంతో భాష ఒక సముదాయం గోడలు దాటింది. మలయాళం మాధ్యమంగా అరబ్బీ బోధన సాగడం మరో మేలు. అక్కడి పిల్లవాడు మధ్యలో మూడో భాష దాటనక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ గొలుసు ఎక్కడికక్కడ తెగి ఉంది. ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్‌లో మాదిరి చట్టబద్ధ మదర్సా బోర్డు ఇక్కడ లేదు. లేకపోవడం వల్ల ప్రభుత్వ జోక్యం తక్కువ, గుర్తింపూ తక్కువ. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సమస్యకు కొత్త కోణం చేర్చింది. యూపీ మదర్సా చట్టం చెల్లుతుందంటూనే, ఫాజిల్, కామిల్ అనే ఉన్నత పట్టాలను బోర్డు ఇవ్వడం యూజీసీ చట్టానికి విరుద్ధమని ధర్మాసనం స్పష్టం చేసింది. డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలదే. అంటే ఏ ఇస్లామిక్ కళాశాలైనా విద్యార్థికి ఉన్నత విద్య గుర్తింపు కోరితే విశ్వవిద్యాలయంతో అనుసంధానం కావడం తప్ప మరో తోవ లేదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం మదర్సా పట్టభద్రుల కోసం బ్రిడ్జి కోర్సు నడుపుతోంది. మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ అలాంటి ప్రయత్నముంది. అవి మదర్సా నుంచి బయటికి వెళ్లే వంతెనలు. అరబ్బీలోనే పైకి వెళ్లే మెట్లు ఇంకా కట్టాల్సి ఉంది.

మతంతో ముడిపడిన ప్రాచీన భాషకు లౌకిక రాజ్యం ఎలా మద్దతివ్వగలదన్న సందేహానికి జవాబు తిరుపతిలోనే ఉంది. అక్కడి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. శాస్త్రి, ఆచార్య పట్టాలకు బీఏ, ఎంఏలతో సమానమైన గుర్తింపుంది. శాస్త్రాలను సంప్రదాయ పద్ధతిలో చదివినవారికి ఆధునిక డిగ్రీ విలువ దక్కడాన్ని ఎవరూ లౌకికతకు విఘాతంగా చూడలేదు, చూడకూడదు కూడా. ఆ సూత్రం అరబ్బీకీ వర్తించాలి. జాతీయ విద్యావిధానం 2020 మాధ్యమిక స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషలకు ఉదాహరణగా కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్‌లను పేర్కొంది. 1973 నుంచి ఐక్యరాజ్యసమితి అధికార భాషగా ఉన్న అరబ్బీ ఆ వరుసలో లేదు. 90 లక్షల మంది పౌరులు అరబ్బు గడ్డమీద బతుకుతున్న దేశానికి ఇది విధానపరమైన లోటు. అరబ్బీని ఒక మతం సొంత వ్యవహారంగా చూసే అలవాటే దీనికి మూలం. ఆ అలవాటు ప్రభుత్వానికే కాదు, కొన్ని ఇస్లామిక్ సంస్థలకూ ఉంది.

ఏం చేయాలి?

మొదటి మార్పు కళాశాలలు తమంతట తామే చేయగలిగింది. ప్రవేశ సమయంలో విద్యార్థి స్థాయినీ లక్ష్యాన్నీ తెలుసుకుని తరగతులు విడగొట్టాలి. మొదటి రెండేళ్లూ అందరికీ వినడం, మాట్లాడటం, సులభ పఠనం ఉండాలి. మూడో ఏడాది నుంచి పండిత మార్గం ఎంచుకున్నవారు 'కాఫియా' వైపు, మిగిలినవారు ఆధునిక రచన, అనువాదం వైపు సాగాలి. వసతిగృహంలో రోజుకు కొన్ని గంటలైనా అరబ్బీయే వాడుక భాష కావాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, మాట్లాడగలిగిన ఉస్తాదులు కావాలి. అందువల్ల విద్యార్థికన్నా ముందు ఉపాధ్యాయ శిక్షణ మీద ఖర్చు పెట్టాలి. ఇఫ్లూ, ఉస్మానియా అరబ్బీ శాఖలు సెలవుల్లో ఇలాంటి శిక్షణ నిర్వహించగలవు. ఆ శాఖలకు పాఠాలు బాగా తెలిసిన మదర్సా పండితుల సాయమూ కావాలి, కాబట్టి లాభం ఇరుపక్షాలదీ.

రెండో మార్పు మాధ్యమంలో. కోస్తా, రాయలసీమ, ఖమ్మం ప్రాంతాల విద్యార్థుల కోసం తెలుగులో అరబ్బీ వాచకాలు, వ్యాకరణ వివరణలు తయారు కావాలి. ఉర్దూ స్థానాన్ని ఇది తగ్గిస్తుందన్న భయం ఉంటుంది. ఉర్దూ వచ్చినవారికి ఉర్దూ పుస్తకం ఉండనే ఉంటుంది. రానివారిపై రెండు భాషల భారం వేసి ఒక్కటీ సరిగా రాకుండా చేయడం వల్ల ఉర్దూకు ఒరిగేదేమీ లేదు. ముస్లిమేతర పండితుడైన చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. అరబ్బీ, తెలుగు నడుమ వంతెన కట్టడానికి మతం అడ్డు రాదని నిరూపించిన కృషి అది. అరబ్బీ కథ, నవల, శాస్త్ర వాఙ్మయం ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే మన పాఠకులకు చేరుతున్నాయి. నజీబ్ మహఫూజ్ వంటి ఈజిప్టు రచయితలను అరబ్బీ నుంచి నేరుగా తెలుగులోకి అనువదించగలిగే పదిమందిని తయారుచేస్తే, ఆ లాభం తెలుగు సాహిత్యమంతటిదీ.

మూడోది ప్రభుత్వాల బాధ్యత. ఎక్కడ చదివాడన్న దానితో నిమిత్తం లేకుండా ఎవరైనా రాయదగిన అరబ్బీ ప్రావీణ్య పరీక్షను రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం నిర్వహించాలి. చదవడం, వినడం, మాట్లాడటం, రాయడం నాలుగింటికీ విడివిడిగా స్థాయి ధ్రువపత్రం ఇవ్వాలి. మదర్సాలో ఎనిమిదేళ్లు చదివినవాడు, ఇంట్లో ఫోనులో నేర్చుకున్న అమ్మాయి, గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి తిరిగొచ్చిన మనిషి ముగ్గురూ ఒకే కొలబద్దపై తమ స్థాయి తెలుసుకోగలగాలి. ఈ పరీక్ష కళాశాలల మతబోధన జోలికి వెళ్లదు, కాబట్టి మన రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన మైనారిటీ విద్యాహక్కుతో పేచీ రాదు. ఇలాంటి ధ్రువపత్రం ఉన్నవారిని ఆసుపత్రి దుబాసీలుగా, ప్రవాసుల సహాయ కేంద్రాల్లో సిబ్బందిగా, విమానాశ్రయాల్లో మార్గదర్శకులుగా నియమించవచ్చు. జీతం రాక, పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కుకుని గల్ఫ్‌లో అల్లాడే తెలుగు కార్మికుల ఫిర్యాదును అరబ్బీలో రాసి పెట్టగలిగేవారు మన ప్రవాసీ విభాగాల్లో తప్పనిసరిగా ఉండాలి.

ఇక్కడొక హెచ్చరికా అవసరం. మార్పు పేరిట పాత గ్రంథాలను తీసిపారేస్తే రెండు తరాల్లో మిగిలేది సంభాషణ వచ్చిన, గ్రంథం విప్పలేని సమాజం. అప్పుడు దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేసిన సంపుటాలను చదివే దిక్కుండదు. మాట్లాడటం నేర్పడమంటే నహ్వ్‌ను తగ్గించడం కాదు, నహ్వ్‌కు ఒక పని కల్పించడం. అలాగే ప్రభుత్వం గుర్తింపు ఇస్తూ పాఠ్యాంశాల మీద పెత్తనం కోరితే కళాశాలలు తలుపులు మూసుకుంటాయి, నష్టపోయేది విద్యార్థే. సంస్థలు కూడా నిఘా భయంతో విశ్వవిద్యాలయాలను దూరం పెట్టే ధోరణి మానుకోవాలి. రౌజతుల్ ఉలూం ఎనిమిది దశాబ్దాలుగా తన మతస్వభావం పోగొట్టుకోకుండానే విశ్వవిద్యాలయ పరీక్షలకు విద్యార్థులను పంపుతోంది.

ఈ మార్పులతో ఒక్కసారిగా వేలాది ఉద్యోగాలు పుట్టుకొస్తాయని ఎవరూ ఆశ పెట్టుకోనక్కర్లేదు. వచ్చే ఫలితం పరిమితమే, కానీ గట్టిది. ఇమాం తాను చదివే ఖుత్బాను తెలుగు శ్రోతకు అర్థమయ్యేలా చెప్పగలుగుతాడు. చదువు మధ్యలో మానేసిన కుర్రాడి చేతిలోనూ ఒక స్థాయి ధ్రువపత్రం ఉంటుంది. ఆలిమా చదివిన అమ్మాయికి ఇంటి దగ్గరే అనువాదమో బోధనో చేసుకునే వీలు దొరుకుతుంది. అన్నిటికీ మించి, విద్యార్థి ఆసక్తి మీద తీర్పు చెప్పే ముందు కళాశాల తన లెక్క తాను చెప్పుకోవాల్సి వస్తుంది. చేరిన వందమందిలో ఎందరు చదవగలరు, ఎందరు రాయగలరు, ఎందరు మాట్లాడగలరు? ఈ మూడు సంఖ్యలను ప్రతి ఇస్లామిక్ కళాశాలా ఏటా షవ్వాల్ ప్రవేశాలకు ముందే ప్రకటించడం మొదలుపెడితే చాలు. తల్లిదండ్రులు పోల్చి చూసుకుంటారు, దాతలు అడుగుతారు, సంస్కరణ దానంతటదే మొదలవుతుంది.